మావయ్య అడిగిన మీటరు ప్రశ్న

నిన్న రాత్రి పర్లాకిమిడిలో కరెంటు పోతే మేడ మీద చాపలు పరిచాం. మావయ్య లైన్‌మన్‌గా రిటైరైన మనిషి. 2015లో దొరికిన గురుత్వ తరంగాల గురించి, అంటే స్థలకాలంలో సాగే అలల గురించి చెప్పాను: రెండు కృష్ణబిలాలు కలిసిపోయి, దాదాపు 3 సూర్యులంత ద్రవ్యరాశి తరంగాల శక్తిగా వెళ్లిపోయిందని.

"మరా శక్తి ఎక్కడుందేటిరా? మీటరు ఎక్కడ పెడతారు?" అన్నాడు.

ఎమ్మెస్సీలో నేను తల పట్టుకున్న ప్రశ్నే ఇది! ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో ఫలానా బిందువు దగ్గర గురుత్వశక్తి ఇంత అని చెప్పలేం. స్వేచ్ఛగా పడిపోతున్నవాడికి అక్కడ గురుత్వమే తెలియదు కదా.

"ఇంటింటికీ మీటరు కుదరదు మావయ్యా. చాలా దూరం నుంచి చూస్తే ఊరు మొత్తానికి లెక్క వస్తుంది."

భౌతికవేత్తలు ఆర్నోవిట్, డెసర్, మిస్నర్‌ల లెక్క అదే. మామూలు పదార్థమైతే ఆ మొత్తం సున్నా కన్నా తగ్గదని 1979లో గణితవేత్తలు షోన్, యౌ రుజువు చేశారు. 1981లో విట్టెన్ స్పైనర్లతో, అంటే ఎలక్ట్రాన్ లాంటి కణాలను వర్ణించే గణిత రాశులతో, ఇంకో దారి చూపించాడు. నాకదే ఇష్టం, సగమే అర్థమైనా.

"పోనీ, వీధికో మీటరు?"

అక్కడే చిక్కు. ఒక హద్దు లోపలి శక్తికి హాకింగ్ 1968లో ఒక లెక్క, పెన్‌రోజ్ 1982లో ఒకటి, బ్రౌన్, యార్క్ 1993లో ఇంకొకటి ఇచ్చారు. రీడింగులు అన్నిచోట్లా కలవవు.

"అయితే బిల్లు ఎలా కొడతార్రా?"

ఈలోగా కరెంటొచ్చింది. ఆయన చాప చుట్టుకుని ఫ్యాను కిందికి వెళ్లిపోయాడు.