జంతికల డబ్బాతో సింగపూర్‌లో ఒక సోమవారం

సింగపూర్ టైము మనకంటే రెండున్నర గంటలు ముందు. పొద్దున ఎనిమిదింటికి లేపుతుంటే పిల్లల ఒంటికి అది ఐదున్నరే కదా, ఆరేళ్ల పెద్దాడు, మూడేళ్ల చిన్నది ఇద్దరూ ముసుగు తియ్యలేదు, మేం హోటల్లోంచి బయటపడేసరికి పదిన్నర దాటింది. లిటిల్ ఇండియా స్టేషన్ పక్కనే ఉన్న టెక్కా సెంటర్ అనే బజార్లో దోశలు తిన్నాం. "దోశ తినడానికి విమానం ఎక్కి రావాలా?" అని మా ఆయన నసిగారు గానీ, చిన్నది పేచీ పెట్టకుండా తినే తిండి ఏ ఊళ్లో దొరికినా నాకు మహాప్రసాదమే.

అక్కడి నుంచి గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోటకి బయల్దేరాం. దానికి దిగాల్సిన బేఫ్రంట్, ఎంఆర్‌టీ (అక్కడి మెట్రో) డౌన్‌టౌన్ లైన్‌లో నాలుగో స్టేషన్. గొడవంతా అక్కడే మొదలైంది. ఎంఆర్‌టీ రైల్లో ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు, పట్టుబడితే 500 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా. పెద్దాడు బోర్డు మీద ఆ అంకె చదివిన దగ్గర్నుంచి పోలీసు అవతారం ఎత్తాడు. చిన్నదేమో సీటు దొరకగానే, అత్తయ్య చేసిచ్చిన జంతికల డబ్బా కోసం నా బ్యాగులో చెయ్యి పెట్టేసింది. దాని తప్పేముంది, మనకి రైలెక్కడమంటేనే డబ్బా విప్పడం! దిగేదాకా ఒకటే ఏడుపు, బోగీలో అందరూ మావైపే చూస్తుంటే నాకు టెన్షన్.

గార్డెన్స్ బై ద బేలో పిల్లలు నీళ్లలో ఆడుకునే చిల్డ్రన్స్ గార్డెన్ ఉంది, టికెట్ కూడా లేదు, దానికోసమే బట్టలు, తువ్వాళ్లు మోసుకెళ్లాం. తీరా వెళ్తే గేటు మూసుంది. సోమవారం సెలవట. ముందే చూసుకోనిది నేనే, కాబట్టి మా ఆయన చూసిన చూపుకి నోరెత్తలేదు. పిల్లల్ని ఊరుకోబెట్టడానికి టికెట్లు కొని అక్కడే ఉన్న క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల తోటలోకి వెళ్లాం. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా 35 మీటర్ల జలపాతం, ఒళ్లంతా చల్లగాలి, ముఖం మీద తుంపర. బయటి ఉక్కకి ఉడికిపోయి వచ్చామేమో, ప్రాణం లేచొచ్చింది. చిన్నది రెండు చేతులూ చాపి అక్కడే నిలబడిపోయింది, తడిసేదాకా కదల్లేదు. మోసుకెళ్లిన బట్టలు అలా పనికొచ్చాయి.

మధ్యాహ్నం పెద్ద వాన. సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం దాకా నడుద్దామన్న మా ఆయన ప్లాన్ అందులో కొట్టుకుపోయింది, నాకైతే హాయిగానే ఉంది.

రాత్రి పావుతక్కువ ఎనిమిదికి అదే తోటలో సూపర్‌ట్రీల కింద లైట్ల షో. ఇనుప చట్రాలకి నిజం మొక్కలు పెంచిన చెట్లవి, పొడవైనవి 50 మీటర్లుంటాయి, కింద నుంచి చూడ్డానికి డబ్బులక్కర్లేదు. తువ్వాళ్లు పరుచుకుని వెల్లకిలా పడుకున్నాం. చుట్టూ వేరే పిల్లలు నిద్రకి తూగుతుంటే మావాళ్లు మాత్రం హుషారుగా ఉన్నారు, వాళ్లకింకా సాయంత్రం ఐదుంబావే మరి. ఎనిమిదీ ముప్పావుకి మళ్లీ ఉందని తెలిసి రెండోసారీ చూసేదాకా లేవలేదు.

తిరుగు రైల్లో మాత్రం చిన్నది నా ఒళ్లోనే నిద్రపోయింది, గుప్పిట్లో సగం జంతికతో. ఎదురు సీట్లో ఒకావిడ అటు చూసి నవ్వితే, పెద్దాడు కంగారుపడి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాడు: తినట్లేదండీ, ఊరికే పట్టుకుంది.