ఈసారి సెప్టెంబరులోనే రేకు కొట్టేశాను

పోయిన మార్చిలో ఎండ కాస్త వెచ్చగా ఉన్న ఒక మధ్యాహ్నం మా రెండో తేనెపెట్టె మూత తీశాను. ముందు వాసన కొట్టింది, బియ్యం డబ్బా వెనక ఎలుక కాపురం పెడితే వచ్చే వాసన. కింది పెట్టెలో ఓ మూల, ఈగలు తేనెపట్టు పెట్టే మూడు ఫ్రేములను కలుపుతూ కొబ్బరి చిప్పంత గూడు. ఎండుగడ్డి, మేపుల్ ఆకులు, మధ్యలో మా అమ్మాయి పాత స్వెటర్ ఎర్ర ఊలు పోగులు. గూడు ఉన్నంత మేరా పట్టును కొరికేసింది. అడుగు పలక నిండా మైనం పొట్టు, చచ్చిన ఈగలు. ఒక్కటీ మిగల్లేదు.

ఎలుక వల్లే పోయాయని చెప్పలేను. ఆ పెట్టెలో, ఈగల ఒంటికి పట్టి పీల్చేసే వరోవా పురుగు బెడద కూడా ఉండేది. కానీ ఎలుకను రానిచ్చింది మాత్రం నేనే. వేసవిలో అయితే ఈగలు కుట్టి తరిమేస్తాయి. ఇక్కడ మిషిగన్‌లో చలి ముదిరాక అవన్నీ రాణి చుట్టూ ముద్దగా చేరి, ఒళ్ళు వణికించి వేడి పుట్టించుకుంటాయి. ముద్ద వదిలి దూరం వచ్చిన ఈగ చలికి బిగుసుకుపోతుంది. ఇక గుమ్మం దగ్గర కాపలా ఎవరుంటారు? నేను అక్టోబరు చివర్లో తీరిగ్గా చెక్క అడ్డు పెట్టాను. అప్పటికే ఎలుక లోపలుందో, తర్వాత వచ్చిందో తెలీదు. చెక్క అంచున మాత్రం సన్నటి పంటి గాట్లు ఉన్నాయి.

ఇక్కడి డీర్ మౌస్ రకం ఎలుకల వల్ల, ఊపిరితిత్తులను దెబ్బతీసే హాంటావైరస్ సోకే ప్రమాదం ఉంది. అందుకే మాస్కు, గ్లవుజులు వేసుకుని, గూటిని బ్లీచ్ నీళ్ళతో బాగా తడిపి తీశాను. పొడిగా ఉండగా ఊడవకూడదు.

నాన్నకు ఫోన్‌లో చెబితే, "కొబ్బరిచెట్టుకి రేకు చుట్టినట్టు చుట్టాల్సింది కదమ్మా" అన్నారు. మాది కోనసీమ. ఎలుక పైకి పాకకుండా మానుకి రేకు చుట్టడం చిన్నప్పటి నుంచీ చూసినదే. ఇక్కడ స్టాండు కాళ్ళకి చుడితే సరిపోదు, మంచు పేరుకుంటే అదే మెట్టయిపోతుంది. అందుకే గుమ్మానికే రేకు. 3/8 అంగుళం రంధ్రాలున్నది కొన్నాను. "మూడు సూతులన్నమాట. అందులో ఈగ పడుతుందా?" అని నాన్న అనుమానం. పడుతుంది, ఎలుక తల పట్టదు.

సెప్టెంబరు నెలాఖరున, ముందు అడుగు పలక దాకా ఎత్తి చూసి, లోపల ఏమీ లేదని నమ్మకం కుదిరాకే మేకులు కొట్టాను. లేకపోతే ఎలుకను లోపలే పెట్టి తాళం వేసినట్టు. పుప్పొడి తెచ్చే ఈగలకు రంధ్రాల అంచులు తగిలి కాళ్ళ మీది ముద్దలు రాలుతుంటే ప్రాణం ఉసూరుమంది. వసంతం రాగానే తీసేస్తాను.

ఇవాళ పొద్దున హ్యాంగర్ తీగ వంచి, రంధ్రాలకు అడ్డుపడిన చచ్చిన ఈగలను లాగాను. అవి పేరుకుంటే బతికున్నవాటికి దారీ గాలీ ఉండవు. రాత్రి పడిన మంచులో చిన్న చిన్న అడుగులు కనిపించాయి. గుమ్మం దాకా వచ్చి, రేకు వెంట ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగి, పెట్టె వెనకున్న కట్టెల పేర్పులోకి వెళ్ళాయి. శనివారం ఆ కట్టెలు అక్కణ్ణుంచి తీయించాలి.