వయొలిన్ స...

ఆదివారం రేడియోలో నేను చేసే పాతపాటల కార్యక్రమం స్క్రిప్టు ఈ రాత్రికి పంపేయాలి. అంతా అయిపోయింది, ఒక్క వాక్యం తప్ప. సాయంత్రం నుంచీ బండి అక్కడే ఆగిపోయింది. మావారు ఇందాక వచ్చి "ఇంకా ఆ వయొలినేనా?" అని అడిగి, సమాధానం వినకుండానే వెళ్ళి పడుకున్నారు. తెలివైన మనిషి.

ఆ వాక్యం ఇది: "ఇప్పుడు కర్ణాటక గాత్ర విద్వాంసులు వోలేటి వేంకటేశ్వర్లు గారు పాడిన శహన రాగం వింటారు. వయొలిన్ సహకారం..." ఎవరు?

మా నాన్న రేడియో నుంచి రికార్డు చేసుకున్న ఆ క్యాసెట్‌లో అనౌన్సరు గొంతు ఉంది. శుభ్రంగా ఉంది కూడా. "వయొలిన్ స" అంటుందావిడ. టక్. వెంటనే తంబూరా.

ఆ టక్ మా నాన్న వేలు.

మా ఇంట్లో రికార్డింగ్ అంటే ఎంత హడావుడో ఇదివరకే రాశాను, మళ్ళీ ఎత్తుకోకూడదు అనుకున్నాను గానీ చెయ్యి ఆగడం లేదు. రేడియో వేరు, టేప్ రికార్డర్ వేరు. రెంటినీ కలిపే తీగ మా ఇంట్లో లేదు. రేడియోని స్టూలు మీద పెట్టి, దాని ఎదురుగా రికార్డర్‌ని దుప్పటి మడత మీద పడుకోబెట్టేవాడు, మోటారు అదురు మైకులోకి రాకుండా. ఇంక ఇంట్లో కర్ఫ్యూ. విజయవాడ ఎండలు మీకు చెప్పక్కర్లేదు కదా, ఆ ఉక్కలో ఫ్యాన్ బందు, దాని గరగర టేపులో పడుతుందని. అన్నయ్యకి గేటు దగ్గర డ్యూటీ: ఎవరైనా వస్తే గడియ తీయనివ్వకుండా బయటే మాట్లాడి పంపేయాలి. నాకు దగ్గు వస్తే పెరట్లోకి పరిగెత్తాలి. ఒకసారి పిన్ని వాళ్ళు ఊరి నుంచి సంచులతో దిగితే, చరణం అయ్యేదాకా వాళ్ళని అరుగు మీదే కూర్చోబెట్టాడు వాడు. పిన్ని ఆ మాట మా పెళ్ళిళ్ళన్నిటిలోనూ చెప్పింది. మా బాబాయి అయితే ఆ తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి "రావచ్చా, చరణంలో ఉన్నారా?" అని అరిచేవాడు.

ఇంత కట్టుదిట్టంలోనూ శహనలో నెరవు (ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే చోటు) మధ్యలో అమ్మ గొంతు ఉంది. "పాలూ!" అని. వోలేటి గారు పైషడ్జం మీద నిలబడిన చోట. నాన్న అమ్మతో రెండు రోజులు మాట్లాడలేదు.

సరే. ఇంతా చేసిన మనిషి అనౌన్స్‌మెంట్ మాత్రం రికార్డు చేయడు. పాట అయిదు నిమిషాలు ఎక్కువైతే టేపు చాలదేమోనని. రికార్డింగ్ నొక్కి, టేపు తిరుగుతోందో లేదో ఒక్క క్షణం చూసుకుని, పాజ్ నొక్కి, పాట మొదలయ్యాక వదిలేవాడు. అలా చూసుకున్న క్షణంలో పడ్డ ముక్కే ఆ "వయొలిన్ స". ఇంకొక్క ఊపిరి ఆగి ఉంటే పేరు పడేది. పాట చివర మళ్ళీ పేర్లు చెప్తారు కదా అంటారేమో, అక్కడికి వచ్చేసరికి అరవై నిమిషాల క్యాసెట్‌లో ఆ వైపు అయిపోయింది.

మధ్యాహ్నం మా పాతపాటల గ్రూపులో ఆ ముక్క పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది. అయిదు నిమిషాల్లో ఒకాయన "అన్నవరపు రామస్వామి గారు, సందేహం లేదు" అన్నారు. అది కుదిరే మాటే. ఆయన ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో దశాబ్దాల పాటు వయొలిన్ వాయించారు, వోలేటి గారికి ఎన్నోసార్లు వాయించి ఉంటారు. నేనూ మొదట అదే అనుకున్నాను. స్క్రిప్టులో టైపు కూడా చేసేశాను. ఇంతలో ఇంకొకాయన, కాదు, ద్వారం వేంకటస్వామి నాయుడు గారి బాణీ, కమాను చూస్తే తెలియడం లేదా అన్నారు. కమాను చూడటానికి అది వీడియో కాదండీ అందామనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత మన పెద్దాయన, మీకు తెలుసు ఎవరో, రంగంలోకి దిగి అసలు అది వయొలినే కాదు, దానికంటే కాస్త పెద్దదైన వయోలా, వాయించింది బాలమురళి గారే అని తేల్చేశారు. బాలమురళి గారు వయోలా వాయించేవారు, నిజమే. కానీ అనౌన్సరు పాపం "వయొలిన్" అని నోరారా అంటుంటే!

పేరు లేని వాయిద్యం కనబడితే చాలు, అందులో మనకు తెలిసిన అతి పెద్ద పేరు తీసుకొచ్చి కూర్చోబెట్టేస్తాం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటి నుంచీ అక్కడ నిలయ విద్వాంసులు, అంటే కేంద్రంలోనే ఉద్యోగంగా వాయించేవాళ్ళు, ఎంతమంది పనిచేశారో! పొద్దున భక్తిరంజనికి వాయించి, తర్వాత ఏదో లలితసంగీతానికి వాయించి, రాత్రి కచేరీకి పక్కన కూర్చుని, సైకిలెక్కి ఇంటికి పోయినవాళ్ళు. పద్మశ్రీలూ రాలేదు, యూట్యూబులో పేర్లూ లేవు. వాళ్ళ పేరు ఊరందరికీ వినబడేదే ఆ అనౌన్స్‌మెంట్‌లో, ఆ రెండు సెకన్లు. అది నాన్న కోసేశాడు. మిగిలిన పని గ్రూపులో పెద్దలు పూర్తిచేస్తున్నారు. రామస్వామి గారి పేరు స్క్రిప్టులోంచి తీసేశాను. ఆయనే కావచ్చు. ఆయనే అయితే ఆయన శిష్యులు ఎవరైనా విని చెప్తారు. కాకపోతే ఇంకొకరి వాయింపు నా నోటితో ఆయన ఖాతాలో పడుతుంది, ఆయనకి మాత్రం అదేం అవసరం?

పాతకాలం గాయని గౌహర్ జాన్ గుర్తొచ్చింది. 1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ వాళ్ళు ఆవిడ చేత పాడించినప్పుడు, పాట చివర ఆవిడే గట్టిగా "మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్" అని చెప్పింది. గొప్పకి కాదు. ఆ రోజుల్లో ఇక్కడ తీసిన మైనం పలకలు జర్మనీలో హానోవర్‌కి ఓడలో వెళ్ళి అక్కడ ప్లేట్లుగా అచ్చయ్యేవి. అక్కడి వాళ్ళకి ఏది ఎవరి పాటో తెలియాలి కదా, లేబుల్ తారుమారు కాకుండా. కలకత్తాలో ఫ్యాక్టరీ వచ్చింది 1908లో. ఏమైతేనేం, మైకు లేక రికార్డింగ్ కొమ్ములోకి అరిచి పాడిన కాలంలో పాడినావిడ పేరు ప్లేటు మీదే ఉంది. మా ఇంట్లో, ఇనప్పెట్టెలో, సిలికా జెల్ పొట్లాలు వేసి దాచిన క్యాసెట్‌లో లేదు.

అయితే గౌహర్ జాన్ కూడా తన పేరే చెప్పింది. సారంగి ఎవరు, తబలా ఎవరు? పక్కవాద్యాల సంగతి ఎప్పుడూ అంతే. ఈ వారం కార్యక్రమం మొదటి సగంలో వేస్తున్న రంగస్థల నటుడు అద్దంకి శ్రీరామమూర్తి గారి పద్యం గ్రామఫోన్ ప్లేటు కూడా అంతే. లేబుల్ మీద ఆయన పేరు ఉంది, నాటకం పేరు ఉంది, హార్మోనిస్టు పేరు లేదు. మూడు నిమిషాల చిల్లరలో పద్యం మొత్తం పట్టాలి, స్టేజీ మీద అయితే వన్స్‌మోర్‌లతో అర్ధగంట సాగే సరుకు. అంత హడావుడిలోనూ రాగం విరిగిన ప్రతిచోటా ఆ హార్మోనియం మెత్తగా వచ్చి పట్టుకుంటుంది. పైగా ఆ ప్లేటుకి నేను వేగం సరిచేసుకున్నది ఆయన దయవల్లే. 78 అని పేరే గానీ పాత ప్లేట్లు అన్నీ నిజంగా నిమిషానికి 78 చుట్లకే తీయలేదు, నాలుగైదు చుట్ల తేడా వస్తే శ్రుతి ఏకంగా ఒక మెట్టు ఎక్కడమో దిగడమో అవుతుంది. గాత్రం ఒక్కటే అయితే ఎక్కడ ఆపాలో తెలియదు. హార్మోనియం రీడ్లు ఎటూ జరగవు కాబట్టి, అవి సరైన స్వరానికి వచ్చేదాకా వేగం తిప్పుకుంటూ పోతే చాలు. నా పని సగం చేసిపెట్టినాయనకి నేను పేరు పెట్టి దణ్ణం పెట్టలేను.

స్టేషన్‌లో ఎడిటింగ్ చూసే కుర్రాడి గురించి కూడా రాయాలి, లేకపోతే నిద్ర పట్టదు. మంచివాడే. నిన్న రాత్రి "ఆంటీ, క్లీన్ చేసేశా, సూపర్ వచ్చింది" అని ఫైలు పంపాడు. విన్నాను. అమ్మ "పాలూ" లేదు, సరే. టక్ లేదు, సరే. తంబూరా కూడా లేదు! ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒకే తీరుగా మోగేదల్లా రొదే. ఫ్యాన్ గరగర, కరెంటు హమ్, తంబూరా, అన్నీ దానికి ఒకటే. వోలేటి గారు గోదారి మధ్యలో పడవ లేకుండా నిలబడ్డట్టున్నారు. వెనక్కి పంపి, ఉన్నది ఉన్నట్టు వేయమన్నాను. "లిజనర్స్‌కి డిస్టర్బెన్స్ కదా ఆంటీ" అన్నాడు. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద, మెరుపు మెరిసినప్పుడల్లా చిటపటలాడే రేడియోలో 'సంగీత శిక్షణ' కార్యక్రమం విని కీర్తనలు నేర్చుకున్న జాతి మాది నాయనా, అని చెప్పలేదు. మా పెద్దమ్మాయి వయసు వాడికి. "పర్వాలేదమ్మా" అన్నాను.

అనుమతుల గొడవ నిర్వాహకులది, అది నా నెత్తిన లేదు. ప్లేట్లకైతే రికార్డింగ్ విడుదలై 60 ఏళ్ళు దాటితే హక్కు తీరిపోతుంది. టేపులకి అడగాల్సిన వాళ్ళని అడగాలి, అడుగుతున్నారు.

మళ్ళీ నాన్న దగ్గరికే వస్తున్నా. సాయంత్రం బాగా కోపం వచ్చింది. తర్వాత అనిపించింది, ఆ రోజుల్లో మంచి క్యాసెట్ అంటే మాటలా? నెలాఖరులో కొనాలంటే అమ్మ మొహం చూడాల్సొచ్చేది. ఆయన ఆర్కైవ్ కోసం చేయలేదు కదా, ఆదివారం మధ్యాహ్నం పడక్కుర్చీలో మళ్ళీ వినడానికి చేసుకున్నాడు. వయొలిన్ ఎవరో ఆ రోజు విన్నాడు, ఆయనకి తెలుసు. తెలిసిన పేరు మీద టేపు ఎందుకు ఖర్చు చేయాలి? పోనీలే అనుకున్నాను. రేడియో వాళ్ళే ఖరీదని టేపులు చెరిపేసి మళ్ళీ వాడుకున్న కాలం. మా నాన్న చెరపలేదు, అదే పదివేలు.

అనుకుని, క్యాసెట్ డబ్బా మూసేయబోతూ లోపలి అట్ట బయటికి తీశాను. ఒకవైపు నీలం ఇంకుతో నాన్న గుండ్రటి అక్షరాలు: "వోలేటి. శహన. బాగుంది." అంతే. తారీఖు లేదు. వెనక్కి తిప్పితే అదే ఇంకు, అదే చేతిరాత: కిరసనాయిలు 2 లీ., లైఫ్‌బాయ్ 3, గోధుమపిండి, అన్నయ్య చెప్పులకి మేకులు.

మేకులకి చోటుంది!

పోనీలే అన్నమాట వెనక్కి తీసుకున్నాను.

వయొలిన్ మాత్రం ఎంత బాగుందో చెప్పకుండా ఇంత రాశాను చూడండి. వోలేటి గారు శహనలో గాంధారాన్ని ఊయల ఊపినట్టు ఊపి వదిలేస్తారు, ఆయన గొంతులో ఆ హిందూస్తానీ జారుడు ఉండనే ఉంది. ఆ వదిలిన చోటు నుంచి ఈ వయొలిన్ అందుకుంటుంది, కానీ అదే పట్టు తిరిగి అప్పజెప్పదు. సగం వాయించి ఊరుకుంటుంది, మిగతాది మీరే అనుకోండి అన్నట్టు. వోలేటి గారు "ఆహా" అనడం మైకుకి దూరంగా వినబడుతుంది. ఇవాళ అది చాలాసార్లు విన్నాను. వంటగదిలోంచి అత్తయ్య కూడా "అది మళ్ళీ పెట్టు" అన్నారు, ఆవిడ అలా అనడం అరుదు.

స్క్రిప్టులో చివరికి ఇలా రాశాను: "వయొలిన్ విజయవాడ కేంద్రం నిలయ విద్వాంసులు ఒకరు. పేరు తెలిసినవారు చెప్పండి." నిలయ విద్వాంసులో, బయటి నుంచి పిలిచినవారో అదీ తెలియదని మళ్ళీ గుర్తొచ్చి ఆ ముక్క కొట్టేశాను. ఇప్పుడు "వయొలిన్ వాయించినవారి పేరు టేపులో లేదు" అని మాత్రం ఉంది. దీనివల్ల నా మాటలు కాస్త పెరిగాయి, కార్యక్రమం మొదట్లో వాతావరణం గురించి నేను వేసిన జోకు తీసేశాను. ఎవరికీ నష్టం లేదు.

పంపేసి, గ్రూపు తెరిచి చూస్తే పెద్దాయన వయోలా తీగల మందం గురించి వాయిస్ మెసేజ్ పెట్టి ఉన్నారు. మధ్యాహ్నం నుంచి ఇన్ని మెసేజ్‌లు వచ్చాయి. మృదంగం ఎవరని ఒక్కరూ అడగలేదు. ఆ మాట గ్రూపులో పెడదామని టైపు చేశాను. పెడితే పొద్దున్నకల్లా దానికి అరడజను పేర్లు వస్తాయి. చెరిపేసి, స్క్రిప్టులో మాత్రం "వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు" అని దిద్ది మళ్ళీ పంపాను. ఆ కుర్రాడు ఇంకా మేలుకునే ఉన్నట్టున్నాడు, బొటనవేలు పెట్టాడు.

రేపు అన్నయ్యకి ఫోన్ చేయాలి. నాన్న క్యాసెట్లు రెండో డబ్బా వాళ్ళ అటక మీదే ఉంది. కొరియర్‌లో వద్దు, వదిన శ్రావణంలో ఎలాగూ వస్తానంది, చేతి సంచిలో పెట్టుకుని రమ్మనాలి. అట్టలు మాత్రం పారేయొద్దని గట్టిగా చెప్పాలి, కిరాణా చీటీలున్నా సరే.