అవ్వ బొటనవేలు

"ఇంకొక్కసారి పెట్టవ్వా" అంది పెన్షన్ తెచ్చిన సచివాలయం అమ్మాయి. అది నాలుగోసారి. అవ్వ వేలు చీరకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. నలభై ఏళ్లు వరినాట్లు వేసిన వేలికి గీతలు ఎక్కడ మిగులుతాయి!

చివరికి ముఖం చూపిస్తే పనైంది. 4,000 కొంగున ముడేసుకుని, "ఆ పిల్లకి కాఫీ ఇవ్వబ్బయ్యా" అంది.

ఒకటో తారీఖు తెల్లారేసరికి కావలిలో మా గడప దగ్గరికే డబ్బు రావడం చిన్న విషయమేం కాదు. 70 దాటినవాళ్లకి 5 లక్షల దాకా వైద్యానికి వయ వందన కార్డు కూడా ఉంది. ఒప్పుకుంటా. కానీ అవ్వకి ఇప్పుడు కావాల్సింది స్నానానికి చెయ్యి పట్టుకునే మనిషి. అమ్మకి నడుం నొప్పి, నేనేమో రాత్రి బండికి చెన్నై పోవాలి.

మధ్యాహ్నం 14567కి చేశా. పెద్దవాళ్ల కోసం పెట్టిన హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. ఓపిగ్గానే మాట్లాడారు. వృద్ధాశ్రమాల వివరాలు కావాలా అని అడిగారు.

"ఎవర్రా అంతసేపు?" అంది అవ్వ మంచం మీద నుంచి.

"నీ గురించేలే."

"ఆశ్రమం గీశ్రమం అన్నావంటే ఈ 4,000లో నీకు రూపాయి ఇయ్యను."