వణుకు ఆగింది కదా అనుకున్నాను

మా బంటికి 11 ఏళ్లు. పొట్టి బొచ్చు, సన్నటి ఒళ్లు, వెనక కాళ్లకు కీళ్లనొప్పులు. చలికి అస్సలు తట్టుకోలేని కుక్క ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు వాడినే చూపిస్తాను. అప్పట్లో మాత్రం, ఒంటినిండా బొచ్చుంది కదా, వాడికేం చలి అనుకునేవాడిని.

ఆ సాయంత్రం బురదలో పొర్లి వచ్చాడని స్నానం చేయించి, తువ్వాలుతో పైపైన తుడిచి వదిలేశాను. బొచ్చు ఆరినట్టే కనిపించింది, చర్మం దగ్గర తడి అలాగే ఉండిపోయింది. రాత్రి ఎప్పటిలాగే వరండాలో గచ్చు మీద పడుకున్నాడు. 11 గంటలకు చూస్తే వణుకుతున్నాడు, ఇంకో దుప్పటి కప్పాను. రెండింటికి మళ్లీ లేచి చూస్తే వణుకు లేదు. హమ్మయ్య, వెచ్చబడ్డాడు అనుకుని వెళ్లి పడుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

తెల్లారి పిలిస్తే తోక కదల్లేదు. కళ్లు తెరిచాడు గానీ నన్ను గుర్తుపట్టినట్టు లేదు, లేపి నిలబెడితే తూలి పడిపోయాడు. చెవులు, పాదాలు చల్లగా ఉన్నాయి, చిగుళ్లు పాలిపోయాయి. నేను కంగారుగా కాళ్లు రుద్దుతూ కూర్చున్నాను, అమ్మ పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసింది.

ఆయన మొదట అడిగింది ఒక్కటే, "వణుకుతున్నాడా?" అని. లేదనగానే "కాళ్లు రుద్దడం ఆపండి, వెంటనే తీసుకురండి" అన్నారు. వణుకంటే కండరాలు కదిలి వేడి పుట్టించుకోవడమట, ఆ సత్తువ కూడా అయిపోతే వణుకు ఆగిపోతుంది. దుప్పటి ఒంట్లో ఉన్న వేడిని పోనివ్వదు అంతే, ఒంట్లోనే వేడి లేనప్పుడు ఎన్ని కప్పినా సరిపోదు, బయటి నుంచి ఇవ్వాలి. అదీ ముందు ఛాతీకి, పొట్టకి. కాళ్లు ముందు వెచ్చబడితే అక్కడి చల్లటి రక్తం గుండెకు చేరి ఇంకా ప్రమాదం. సీసాల్లో వెచ్చటి నీళ్లు పోసి, తువ్వాళ్లు చుట్టి, వాడి పక్కన పెట్టుకుని బయల్దేరాం. తువ్వాలు తప్పనిసరి, ఎందుకంటే ఆ స్థితిలో ఒళ్లు కాలుతున్నా కుక్క పక్కకు జరగలేదు.

థర్మామీటర్ పెడితే 94.6 ఫారన్‌హీట్. కుక్కలకు మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉంటుంది, మనకు సరిపోయే 98.6 వాటికి తక్కువే. షుగర్ చూశారు, వెచ్చటి సెలైన్ ఎక్కించారు. గంట తర్వాత బంటి ఉన్నట్టుండి గడగడా వణకడం మొదలుపెట్టాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టర్ గారు మాత్రం నవ్వి, "ఇప్పుడు వణికితేనే మంచిది, సొంతంగా వేడి పుట్టించుకుంటున్నాడు" అన్నారు. మధ్యాహ్నానికి 100 దాటింది.

అంతటితో అయిపోలేదు. మూడో రోజు దగ్గు మొదలైంది, ఎక్స్‌రేలో నిమ్ము కనిపించింది. మూడు వారాలు యాంటీబయాటిక్స్, రోజూ ఆవిరి, తర్వాత అరచేతిని దొప్పలా వంచి ఛాతీకి రెండు పక్కలా మెల్లగా తట్టడం. తెలిసినవాళ్లు మనుషుల మాత్ర సగం వేయమన్నారు, దయచేసి ఎవరూ అలా వేయకండి, ఐబుప్రోఫెన్, పారాసెటమాల్ లాంటివి కుక్కల ప్రాణం మీదికి తెస్తాయి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టి రాయమన్నారు, 30 లోపు ఉండాలి. మొదటి రాత్రి 44. ఆ టెన్షన్‌లో నాకు నిద్రే లేదు. పదో రోజుకు 28కి వచ్చింది, ఆ రోజే గిన్నె మొత్తం ఖాళీ చేశాడు.

ఇప్పుడు వాడి పడక గదిలోనే, గాలి తగలని మూల, నేలకు జానెడు ఎత్తున్న చెక్క బల్ల మీద. స్నానం ఎండ ఉన్న మధ్యాహ్నమే, వేళ్లు బొచ్చులోకి పోనిచ్చి చర్మం ఆరిందని తెలిసేదాకా తుడుస్తాను. స్వెట్టర్ రోజూ విప్పి తడి ఉందేమో చూస్తాను, తడిసిన స్వెట్టర్ కన్నా ఏమీ లేకపోవడమే నయం.

ఊపిరి లెక్కపెట్టడం మాత్రం మానలేకపోతున్నాను. నిన్న రాత్రి 18. లెక్కపెడుతుంటే చెయ్యి తగిలి లేచాడు, తోక రెండుసార్లు ఊపి, మళ్లీ ముడుచుకుని పడుకున్నాడు.