టర్కీ మేజోళ్లు: ముక్కు నుంచి పిక్క దాకా

టర్కీ పల్లెల్లో అల్లే రంగుల మేజోళ్లు కాలి వేళ్ల కొన దగ్గర, అంటే మేజోడు ముక్కు దగ్గర మొదలై పైకి పెరుగుతాయి. టొరంటోలో ఉంటున్న అక్క కోసం ఒక జత మొదలుపెట్టాను. మొదటిది పిక్క దాకా వచ్చింది, మడమ ఇంకా పెట్టలేదు.

సరంజామా తక్కువే. రెండు వైపులా కొన ఉన్న 2.25 మి.మీ. సూదులు ఐదు, ఎరుపు, మీగడ రంగుల్లో సన్న ఊలు. అక్కడ సంప్రదాయపు ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి వచ్చేది. మన మచిలీపట్నం అద్దకాలకు పూర్వం ఎరుపునిచ్చిన చిరువేరుదీ అదే కుటుంబం. నాది మాత్రం దుకాణం ఎరుపే.

అంగుళానికి 9 కుట్లు పడుతున్నాయి. అక్క పాదం చుట్టుకొలత 8 అంగుళాలు, అంటే 72 కుట్లు. రెండు సూదులను జోడించి పట్టుకుని, ఊలును రెండింటికీ కలిపి 8 చుట్లు చుట్టి, ముందు పై సూదివి, తిప్పి కింది సూదివి అల్లితే అతుకు లేని 16 కుట్ల ఆరంభం దొరుకుతుంది. పాదం రెండు పక్కలా 3 కుట్ల ఎర్ర పట్టీ వేసి, దానికి అటూ ఇటూ ఒక్కో కుట్టు పెంచుతూ పోతే 14 చుట్లలో 72 అవుతాయి. ప్రతి చుట్టులోనూ పెంచుతాం కాబట్టి ముక్కు కోసుగా వస్తుంది. మన వేళ్లకు అంత కోసుదనం అక్కర్లేదు గానీ, అది లేకపోతే ఆ అందమే రాదు. పట్టీలు పోను పైన 33, అరికాలి వైపు 33. పదకొండు కుట్ల పొట్టేలు కొమ్ము నమూనా ఒక్కో వైపు సరిగ్గా మూడుసార్లు కూర్చుంది. లెక్క ఇలా కుదిరితే సగం పని అయినట్టే.

అసలు కిటుకు ఊలు పట్టుకోవడంలో ఉంది. అక్కడి ఆడవాళ్లు చాలామంది దాన్ని మెడ చుట్టూ తిప్పుకుని, లేదా ఛాతీ మీద పెట్టిన పిన్నీసులోంచి తీసుకుని, ఎడమ బొటనవేలితో సూది మీదికి తోస్తూ పర్ల్ కుట్టు (అల్లిక వెనక వైపు కుట్టు) వేస్తారు. పనిచేసేటప్పుడు ఎదురుగా కనిపించేది మేజోడు లోపలి వైపే. పువ్వు కనబడకుండా అల్లడమేమిటి అనుకున్నాను మొదట. కానీ ఒక రంగుతో అల్లుతుంటే వెనక పరుచుకునే రెండో రంగు వదులు పోగులన్నీ కళ్ల ముందే ఉంటాయి. పైగా గొట్టం తిరగేసి ఉండటంతో పోగులు బయటి వైపుగా, కాస్త ఎక్కువ దూరం చుట్టివస్తాయి. అందుకే అల్లిక ముడుచుకోదు. ఐదు కుట్లు దాటిన పోగును మధ్యలో ఒకసారి మెలివేస్తున్నాను, లేకపోతే తొడిగేటప్పుడు కాలి వేలు తగులుకుంటుంది. ఎరుపు ఊలును ఎప్పుడూ కింది నుంచే తీసుకుంటున్నాను. మధ్యలో వరస మారిస్తే కొమ్ముల గీత కొన్నిచోట్ల పలచబడుతుంది.

మడమ రావలసిన చోట 72లో అరికాలి వైపు సగం, అంటే 36 కుట్లను వేరే రంగు దారంతో అల్లి వదిలేశాను. రెండు రంగుల అల్లిక పెద్దగా సాగదు, మడమ దాటి ఎక్కడం కష్టం. అందుకని అక్కడి నుంచి 2.5 మి.మీ. సూదులకు మారాను. పిక్క పూర్తయ్యాక ఆ దారం లాగేసి, విడిన కుట్లను పైనా కిందా ఎత్తుకుని, మూలల్లో చిల్లి పడకుండా ఒక్కో కుట్టు అదనంగా తీసుకుని, ముక్కు లెక్కనే తిరగేసి తగ్గిస్తూ వెళ్లాలి. మడమకు నమూనా పెట్టను, సన్న నిలువు చారలు చాలు. ముందు అరిగేది అదే, అరిగాక దాన్ని మాత్రం విప్పి మళ్లీ అల్లుకోవచ్చు.