మీటర్ దగ్గర కూర్చున్న ఆదివారం

ఈ ఇంట్లోకి వచ్చి ఇవాళ్టికి ఏడు వారాలు. అద్దె ఇళ్లలో ఉన్నన్నాళ్లూ కరెంటు బిల్లు వస్తే కట్టేసేవాళ్లం, అంతే. గోడలు మనవి కావు, కప్పు మనది కాదు, మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. ఇప్పుడు మంచైనా చెడైనా మనదే. అందుకే కాబోలు, మొన్న బిల్లు చేతికొచ్చినప్పటి నుంచి మనసులో అదే నలుగుతోంది. ఉండేది ముగ్గురం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండం. ఇన్ని యూనిట్లు ఎక్కడ ఖర్చవుతున్నాయి?

ఆయన అప్పటికే ఏం కొనాలో లిస్టు రాసి పెట్టుకున్నారు. పై గదికి పెద్ద ఏసీ, కిటికీలకు రెండు పొరల అద్దాలు, వీలైతే సోలార్ ప్యానెళ్లు. "కొనే ముందు ఒక్కరోజు ఇంటిని చూద్దామండీ" అన్నాను. సరేనన్నారు.

పొద్దున్నే లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేసి మీటర్ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. దాని మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. మా మీటర్ మీద 3200 అని రాసి ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఈ అంకె అన్ని మీటర్లకూ ఒకటే ఉండదు, ఎవరి మీటర్ మీద వాళ్లు చూసుకోవాలి. అన్నీ ఆపేశాం కాబట్టి లైటు ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూస్తే సరిగ్గా 18 సెకన్లకోసారి వెలుగుతోంది.

లెక్క కాగితం మీద వేశాను. గంటకు 200 సార్లు, రోజుకు 4800 సార్లు. 3200తో భాగిస్తే ఒకటిన్నర యూనిట్. నెలకు 45 యూనిట్లు! మేం నిద్రపోతున్నా, ఊళ్లో లేకపోయినా ఇల్లు తనంతట తాను వాడేసుకుంటోంది. ఆ అంకె చూసి నిజంగా బాధేసింది.

ముందు టీవీ, సెట్‌టాప్ బాక్స్, రౌటర్, గడియారం వెలుగుతుండే ఓవెన్, అన్నిటి ప్లగ్గులూ పీకేశాం. రిమోట్‌తో ఆపితే టీవీ ఆగినట్టు కనిపిస్తుంది కానీ, మళ్లీ రిమోట్ మాట వినడానికి లోపల కొంత మేలుకునే ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ అయితే ఆపినా దాదాపు మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది, ముట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఇవన్నీ తీసేశాక 18 సెకన్లు కాస్తా 30 అయింది. ఇంకా ఏదో మిగిలింది.

దాన్ని కనిపెట్టింది మా బాబు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేసరికి వాడి చెవికి వినిపించింది. "అమ్మా, ఈ గోడలో ఏదో గుంయ్ అంటోంది" అని స్టోర్ రూమ్ దగ్గర నుంచి పిలిచాడు. ఆయన బోర్డులో ఎంసీబీలు, అంటే ఒక్కో లైనుకి కరెంటు ఆపే చిన్న స్విచ్చులు, ఒక్కొక్కటే దించుతూ వచ్చారు. నాలుగోది దించగానే గుంయ్‌మనడం ఆగింది, మీటర్ లైటూ ఆగింది. అటకపెట్టెల వెనక, కప్పుకి దగ్గరగా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్! స్విచ్ లేకుండా నేరుగా లైనుకి కలిపేశారు. మేం రాకముందు నుంచీ రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంది.

అది తినే కరెంటు ఒక ఎత్తు, చేసే నష్టం ఇంకో ఎత్తు. ఫ్యాన్ ఎంత గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఏదో ఒక సందులోంచి లోపలికి రావాల్సిందే. అంటే మేం ఏసీ వేసి చల్లబరిచిన గాలిని అది బయట పారబోస్తోంది, దాని బదులు వేడి గాలి లోపలికి వస్తోంది. ఇన్నాళ్లూ ఏసీ ఆగకుండా తిరుగుతోందంటే యంత్రం పాతదైపోయిందనుకున్నాం.

అలాగని దాన్ని పూర్తిగా తీసేయించడం లేదు. ఆ గోడకి అవతల బాత్రూమ్. చెమ్మ పడుతుందనే పెట్టించి ఉంటారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి స్విచ్ పెట్టిస్తాం, స్నానాలయ్యాక కాసేపు వేస్తే చాలు. కరెంటు మిగులుతుందని గోడకి బూజు పట్టనివ్వకూడదు కదా. గాలి సందులు మూసే విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. తలుపుల కింద, కిటికీ అంచుల దగ్గర పల్చటి కాగితం పెట్టి, అది కదిలిన చోటల్లా గుర్తు పెట్టాను. అక్కడ రబ్బరు పట్టీలు అంటిస్తాం. గ్యాస్ గీజర్ ఉన్న గదిలో మాత్రం గాలి వచ్చే దారి ఎప్పుడూ మూయకూడదు, అది ప్రాణాల మీదికి వస్తుంది.

మధ్యాహ్నం బల్బుల పని గంటలో అయిపోయింది. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురు 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. ఎక్కువసేపు వెలిగేవే ముందు మార్చాను: హాలు, వంటగది, వరండా. రోజుకు ఐదు నిమిషాలు వెలిగే స్టోర్ రూమ్ బల్బు జోలికి పోలేదు.

సాయంత్రం పై గదికి వెళ్లాం. ఎండ తగ్గి గంటన్నర దాటింది. స్టూలెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనిస్తే ఇంకా వేడిగా ఉంది. పగలంతా కాంక్రీటు తాగిన వేడిని రాత్రంతా గదిలోకి వదులుతుంది. అందుకే అక్కడ నిద్ర పట్టడం లేదు. పెద్ద ఏసీ పెడితే ఆ వేడితో రోజూ యుద్ధమే. పైగా గదికి మించిన ఏసీ గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, గాలిలో తేమ పూర్తిగా లాగదు, చల్లగా ఉన్నా జిడ్డుగా ఉంటుంది. ముందు డాబా మీద ఎండని తిప్పికొట్టే తెల్ల పూత వేయించాలి. పడమటి కిటికీకి బయట నుంచి నీడ కావాలి. లోపల కర్టెన్ వేస్తే కొంత ఆపుతుంది కానీ, అప్పటికే ఎండ అద్దం దాటేసి ఉంటుంది. ఇవి చేశాక కూడా గది వేడిగా ఉంటే, అప్పుడు ఎంత ఏసీ కావాలో చూసుకుందాం అన్నాను. ఆయన లిస్టులో ఏసీని కొట్టేయలేదు, చివరికి జరిపారు. నాకది చాలు.

పడుకునే ముందు మళ్లీ మీటర్ దగ్గరికి వెళ్లాను. రౌటర్, ఫ్రిజ్ మాత్రమే కలిపి ఉన్నాయి, ఫ్రిజ్ మోటారు ఆగి ఉన్న సమయం. లైటు ఒకసారి వెలిగింది. చీకట్లో నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూట పన్నెండు దగ్గర మళ్లీ వెలిగింది.